138 అంటే, ఎందులో 138?

మా తమ్ముడు రవి హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాడు. మా ఆవిడ సుజాత గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టు. ఇద్దరి సంపాదనా పరీక్షలు పెట్టడం మీదే. అయినా వీళ్లిద్దరూ ఒక్క మాట మీదకు రావడం నేనింతవరకు చూడలేదు. ఈసారి గొడవ రవి కొడుకు గురించి. పిల్లాడు ఆరో తరగతి. ఫోన్‌లో ఐక్యూ పరీక్ష రాస్తే 138 వచ్చింది. ఆ అంకె పట్టుకుని వాణ్ణి ఒలింపియాడ్ బ్యాచ్‌లో వేయాలని తండ్రి పట్టుదల. వాళ్ల మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. ఉండబట్టలేక నేనన్నవి బ్రాకెట్లలో ఉంటాయి.

రవి: వదినా, ఆన్‌లైన్ అనగానే బూటకం అని మొదలెట్టకండి. మన ఆంధ్రలో ఎంసెట్ 2017 నుంచి కంప్యూటర్ మీదే రాస్తున్నారు. జేఈఈ మెయిన్ బీటెక్ పేపరు 2019 నుంచి పూర్తిగా అంతే. లక్షలమంది పిల్లల తలరాత తేల్చడానికి పనికొచ్చిన స్క్రీను, మావాడి తెలివి చెప్పడానికి పనికిరాదా?

సుజాత: మంచిదే ఎత్తుకున్నావు. జేఈఈలో పిల్లాడికి వచ్చిన మార్కులకి నేరుగా ర్యాంకు ఇచ్చేస్తారా?

రవి: లేదు, నార్మలైజేషన్ ఉంటుంది. ఒక సెషన్ పేపరు కష్టంగా వస్తుంది, ఇంకోటి తేలిగ్గా వస్తుంది. అందుకని ఆ సెషన్‌లో రాసినవాళ్లలో ఎంతమంది మనకి సమానంగానో కిందో ఉన్నారో చూసి పర్సంటైల్ ఇస్తారు.

సుజాత: అంటే మార్కుకి విలువ వచ్చేది పక్కన కూర్చుని రాసినవాళ్ల వల్ల. ఐక్యూ కూడా అచ్చంగా అదే. అది సెంటీమీటర్లలో కొలిచే పొడవు కాదు, వరుసలో నీ చోటు. ఇప్పుడు చెప్పు, మీవాడు ఏ వరుసలో నిలబడ్డాడు? వాడితోపాటు రాసినవాళ్లెవరు?

రవి: కోట్లమంది రాశారని సైటులో ఉంది.

సుజాత: ఆ కోట్లమందీ ఎవరు? బస్సులో కూర్చుని తోచక నొక్కినవాళ్లు, సగంలో విసుగొచ్చి వదిలేసినవాళ్లు, మంచి అంకె వచ్చేదాకా నాలుగుసార్లు రాసినవాళ్లు. సైకాలజిస్టులు వాడే వెక్స్‌లర్ పెద్దల ఐక్యూ పరీక్ష నాలుగో కూర్పు 2008లో అమెరికాలో వచ్చింది. దానికోసం 16 ఏళ్ల నుంచి 90 ఏళ్ల దాకా 2,200 మందిని ఎంచుకున్నారు. వయసు, ఆడామగా, చదువు, ప్రాంతం అన్నీ ఆ దేశపు జనాభా లెక్కలకి సరిపోయేట్టు చూసి మరీ. ముందు వాళ్లచేత రాయించి, ఆ తర్వాతే ఫలానా మార్కుకి ఫలానా ఐక్యూ అని పట్టిక వేశారు. మీ సైటుకి ఆ పట్టిక ఎక్కడిది?

రవి: ఎక్కడిదో చెప్పలేదు, ఒప్పుకుంటా. కానీ 2,200 గొప్పా? అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీవాళ్లు ఐసీఏఆర్ అని ఉచితంగా వాడుకునే ప్రశ్నల నిధి ఒకటి తయారుచేశారు. కాండన్, రెవెల్ అనే ఇద్దరు 2014లో దాని మీద పేపరు వేశారు. దాదాపు 97 వేలమంది, 199 దేశాల నుంచి, అందరూ ఇంటర్నెట్లోనే రాశారు. అంకెల వరసలు, బొమ్మల గళ్లు, తిప్పి చూడాల్సిన ఘనాలు అన్నీ ఉన్నాయి. పరిశోధకులు ఇప్పటికీ వాడుతున్నారు. దాన్ని కూడా కొట్టిపారేస్తారా?

సుజాత: కొట్టిపారేయను. అది మంచి పని. అందులో 16 ప్రశ్నల చిన్న పరీక్ష ఉంది కదా, దాని విశ్వసనీయత ఎంతో చూశావా?

రవి: 0.81. బాగానే ఉందిగా.

సుజాత: పరిశోధనకి బాగానే ఉంది. దాన్ని ఐక్యూ స్కేలు మీద పెట్టి లెక్కకట్టు. పొరపాటుకి చోటు అటు 13, ఇటు 13 వస్తుంది. ఒక మనిషికి 115 వచ్చిందంటే అతని అసలు చోటు 102 నుంచి 128 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. వెక్స్‌లర్ పూర్తి పరీక్ష గంట, గంటన్నర పడుతుంది. అందులో ఈ తేడా అటు నాలుగు, ఇటు నాలుగు. పది వేలమంది సగటు తీస్తే ఈ పొరపాట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి పరిశోధకులకి ఇబ్బంది లేదు. నువ్వు ఒక్క పిల్లాడి గురించి అడుగుతున్నావు. లారీ తూచే వేబ్రిడ్జి మీద పుస్తెలతాడు పెట్టి ఎన్ని గ్రాములని అడిగితే ఎలా?

(సుజాతకి లెక్కలు నోటికొస్తాయి. రవి ఫోన్‌లో సరిచూసుకున్నాడు, సరిపోయింది.)

రవి: సరే, 138 కాదు, 125 అనుకుందాం. అయినా గొప్పే.

సుజాత: ఆగు. ఆ 138 ఏ స్కేలు మీద?

రవి: ఐక్యూ స్కేలే. సగటు 100.

సుజాత: సగటు అన్నిటికీ వందే. సగటు నుంచి జనం ఎంత దూరం చెదిరి ఉంటారన్నది ఒక్కో స్కేలుకి ఒక్కోలా పెట్టుకున్నారు. వెక్స్‌లర్‌లో ఆ విచలనం 15. క్యాటెల్ పరీక్షలో 24. మెన్సా సంఘంలో చేరాలంటే పైనున్న రెండు శాతంలో ఉండాలి కదా. ఆ గీత వెక్స్‌లర్ మీద 130, క్యాటెల్ మీద 148. ఒకే మనిషి, ఒకే చోటు, రెండు అంకెలు. మీవాడి 138 వెక్స్‌లర్ లెక్కయితే 175 మందిలో ఒకడు. క్యాటెల్ లెక్కయితే అది వెక్స్‌లర్ మీద 124, అంటే 17, 18 మందిలో ఒకడు. ప్రతి సెక్షన్‌లోనూ అలాంటివాళ్లు ఇద్దరుంటారు. నీ సైటు ఏ లెక్క వాడింది?

రవి: (ఫోన్ కాసేపు అటూ ఇటూ జరిపి) రాయలేదు. ‘జీనియస్ స్థాయి’ అని ఉంది. కింద బంగారు రంగు అంచుతో సర్టిఫికెట్.

సుజాత: వయసు అడిగిందా?

రవి: అడిగింది. పద్దెనిమిది నుంచి మొదలవుతున్నాయి, ఇంకేం చేస్తాం, పద్దెనిమిదే నొక్కాం.

సుజాత: పదకొండేళ్లవాణ్ణి పద్దెనిమిదేళ్లవాళ్లతో పోల్చారన్నమాట.

రవి: అయితే ఇంకా గొప్పేగా వదినా! పెద్దవాళ్లతో పోల్చినా 138 వచ్చిందంటే...

సుజాత: నిజంగా పోల్చి ఉంటే నువ్వన్నది సరైన మాటే. ఎవరితోనైనా పోల్చారా లేదా అన్నదే కదా నా అనుమానం. అంతకుముందు ఇంకో సైటులో ఎంత వచ్చింది?

రవి: 112. అది బాగాలేదని ఇది రాయించా.

(ఇక్కడ నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది, తమ్ముడికి కోపం వచ్చింది.)

రవి: అన్నయ్యా, నవ్వకు. నేను టెస్టింగ్ వాణ్ణి. ఆ సైటు నాటకాలు మీకంటే నాకే బాగా తెలుసు. పాతిక ప్రశ్నలయ్యాక ‘మీ సమాధానాలు విశ్లేషిస్తున్నాం’ అని ఒక గీత మెల్లగా నిండుతుంది. పాతిక జవాబులు కూడడానికి కంప్యూటర్‌కి రెప్పపాటు కూడా అక్కర్లేదు. మనం ఎదురుచూస్తే ఫలితానికి బరువొస్తుందని పెట్టిన గీత అది. తర్వాత మెయిల్ ఐడీ అడుగుతుంది. తర్వాత అంకె కనిపిస్తుంది, కానీ మసకగా. మసక పోవాలంటే 149 రూపాయలు. ఇదంతా నాకు తెలుసు. అంగడి వేషం చూసి సరుకు కూడా నకిలీ అనలేం అన్నదే నా వాదన. ప్రశ్నలు మాత్రం మీరు వాడే రావెన్ మ్యాట్రిక్స్‌లాంటివే. తొమ్మిది గళ్లలో ఎనిమిది బొమ్మలు, తొమ్మిదోది కనుక్కోవాలి. భాష లేదు, లెక్కలు లేవు. 1938 నుంచి ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి.

సుజాత: 149తో అయిపోయిందా, నెలనెలా కూడా తీసుకుంటున్నారా? ముందు యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిచి చూసుకో. 2023 నవంబరులో కేంద్రం నిషేధించిన 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే కొనేవాణ్ణి బుట్టలో వేసే ఆన్‌లైన్ ఎత్తుగడల్లో, ఈ సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు కూడా ఒకటి. నిషేధించినంత మాత్రాన మాయం కాలేదు.

రవి: చూస్తాలెండి. రావెన్ సంగతి చెప్పండి.

సుజాత: రావెన్‌లో భాష లేదన్నది నిజం. అందువల్ల అది ఎవరికైనా ఒకేలా పనిచేస్తుందని చాలాకాలం అనుకున్నారు. న్యూజీలాండ్‌లో పనిచేసిన జేమ్స్ ఫ్లిన్ దేశదేశాల పాత రికార్డులు పోగేసి 1987లో చూపించాడు, ఆ నమ్మకం ఎంత వదులుగా ఉందో. నెదర్లాండ్స్‌లో సైన్యంలో చేరే వయసు కుర్రాళ్లకి రావెన్ తరహా పరీక్ష పెట్టేవాళ్లు. 1952 నుంచి 1982 లోపు ముప్ఫయ్యేళ్లలో వాళ్ల సగటు 20 పాయింట్లు పెరిగింది. తండ్రులకంటే కొడుకులు అంత తెలివైనవాళ్లయిపోయారా? బడికెళ్లడం, బొమ్మల్లో వరసలు వెతకడం, ఉన్నదాన్ని వదిలేసి ‘ఒకవేళ ఇలా ఉంటే’ అని ఆలోచించడం అలవాటయ్యాయి. అలవాటుకి లొంగదనుకున్న పరీక్షే అన్నిటికంటే ఎక్కువ లొంగింది. ఇప్పుడైతే ఆ గళ్ల బొమ్మల కిటుకులు యూట్యూబ్‌లో ఉన్నాయి. మొదటిసారి చూసే పిల్లాడికీ, వీడియోలు చూసొచ్చిన పిల్లాడికీ ఒకే పట్టిక ఎలా పనికొస్తుంది? మీవాడు రెండో సైటులో మొదటి సైటు కంటే 26 ఎక్కువ తెచ్చుకున్నాడంటే అందులో ఈ వాటా ఎంతో?

రవి: సరిగ్గా ఇక్కడికే వస్తారని చూస్తున్నా. మీ బీరువాలో ఏమున్నాయి వదినా? బినే-కామత్ పరీక్ష. ధార్వాడ్‌లో కామత్ గారు కన్నడ, మరాఠీ పిల్లల కోసం 1934లో చేసింది. భాటియా పరీక్షల పెట్టె, 1955. నాగపూర్ నుంచి మాలిన్ గారి పిల్లల పరీక్ష, 1969. రావెన్‌లో పెరిగినంత కాకపోయినా, మీరు చెప్పిన ఆ ఫ్లిన్ లెక్క ప్రకారమే మామూలు ఐక్యూ పరీక్షల్లోనూ పదేళ్లకి సుమారు మూడు పాయింట్లు పెరుగుతున్నప్పుడు, ఈ పాత పట్టికల మీద నేటి పిల్లాణ్ణి తూస్తే వచ్చే అంకె పొంగిపోయి ఉండదూ? నా సైటుకి పట్టిక లేదన్నారు. మీ పట్టిక మా తాతయ్య కాలంనాటిది. అందులో తెలుగు పిల్లలు ఎంతమంది?

(ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. సుజాత లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చింది.)

సుజాత: పొంగి ఉంటుంది. కాదనను. మన దేశంలో అందరికీ తెలిసిన రహస్యం ఇది. వెక్స్‌లర్ పిల్లల పరీక్షకి భారతీయ కూర్పు వచ్చింది, కానీ అది ఇంగ్లిషులో. వినుకొండ నుంచి వచ్చిన పిల్లకి దాన్ని నేనేం పెడతాను? అందుకే అంకె ఒక్కదాన్ని నమ్ముకుని మేం రిపోర్టు రాయం. వైన్‌ల్యాండ్ స్కేలు అని ఇంకోటి ఉంది. పిల్ల ఒంటరిగా కొట్టుకెళ్లి చిల్లర లెక్కచూసుకుని తెస్తుందా, బొత్తాలు పెట్టుకుంటుందా, ఊళ్లో దారి తెలుసా, ఇవి తల్లిని అడుగుతాం. రెండూ కలిపి చూస్తాం. ఎందుకింత జాగ్రత్త అంటే, మా దగ్గర అంకెకి పర్యవసానం ఉంటుంది. మేధోవైకల్యం సర్టిఫికెట్టు, పింఛను, బడిలో వెసులుబాట్లు. ఐక్యూ 70 చుట్టూ ఒకటి రెండు పాయింట్లతో కుటుంబాల బతుకు అటూ ఇటూ అవుతుంది.

అమెరికాలో అయితే ప్రాణమే పోతుంది. అక్కడ మేధోవైకల్యం ఉన్నవాళ్లకి మరణశిక్ష వేయకూడదని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. ఫ్లోరిడా రాష్ట్రం దానికి 70 అని గీత గీసుకుంది. ఫ్రెడ్డీ లీ హాల్ అనే ఖైదీకి 71 వచ్చింది. గీత దాటావు కాబట్టి మిగతా సాక్ష్యాలు చూడం అన్నారు. 2014లో ఆ కేసు సుప్రీంకోర్టుకి వెళ్తే, అయిదుగురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు, మొత్తానికి హాల్ పక్షాన తీర్పొచ్చింది. ఐక్యూ అంటే ఒక చుక్క కాదు, కొంత నిడివి, పరీక్షలో ఉండే పొరపాటుని లెక్కలోకి తీసుకోకుండా 71కి 70కి మధ్య మనిషి ప్రాణం పెట్టకూడదు అని. సైకాలజిస్టు దగ్గర కూర్చుని రాసిన పరీక్షల సంగతే అది. న్యాయమూర్తులకి అర్థమైంది గానీ, 138 అని బంగారు అంచుతో అచ్చేసే సైటుకి ‘అటూ ఇటూ’ అని ఒక్క ముక్క రాయడానికి చేతులు రాలేదు.

రవి: రాస్తే ఎవరు కొంటారు వదినా?

సుజాత: నేననేదీ అదే.

రవి: అయినా మీ పద్ధతిలో ఇంకో లోపం ఉంది. మీరు ఎదురుగా కూర్చుంటారు. పిల్ల చక్కగా నమస్కారం పెడితే మీ చేతిలో వాచీ అరక్షణం ఆలస్యంగా ఆగుతుంది. బెదురుచూపుల పిల్లాడికి ఇంకో అవకాశం ఇవ్వబుద్ధి కాదు. కులం, బట్టలు, తండ్రి ఉద్యోగం, అన్నీ మీ కంట్లో పడతాయి. కంప్యూటర్‌కి అవేం కనపడవు. అందుకే జనం దాన్ని నమ్ముతారు. దానికి తోడు మీలాంటివాళ్లు జిల్లాకి ఎంతమంది ఉన్నారు? ఒక పరీక్షకి బస్సెక్కి గుంటూరు రావాలా?

సుజాత: బస్సెక్కి రావాల్సిందే, అది మా తప్పు కాకపోయినా సిగ్గుపడాల్సిన సంగతే. పక్షపాతం మాటా నిజమే. అందుకే పరీక్షలో మేం పలికే ప్రతి మాటా మాన్యువల్‌లో రాసి ఉంటుంది, సొంత మాట కలపకూడదు. అయినా కళ్లు మూసుకోలేం కదా. కానీ కళ్లు తెరిచి ఉండటం వల్ల తెలిసేవీ ఉన్నాయి. మొన్న మాచర్ల వైపు నుంచి ఎనిమిదో తరగతి పిల్ల వచ్చింది. బడిలో ట్యాబ్ మీద పెట్టిన ఇంగ్లిషు పరీక్షలో 82 వచ్చిందని ‘స్లో లెర్నర్’ అని రాసి పంపారు. ఆ పిల్ల నిరుడిదాకా తెలుగు మీడియం. నేను భాటియా పెట్టెలోని పాస్-అలాంగ్ పళ్లెం ముందు పెట్టాను. ఒకవైపు అంచు ఎరుపు, రెండోవైపు నీలం. ఎర్ర ముక్కలని ఎరుపు అంచుకి, నీలివాటిని నీలం అంచుకి చేర్చాలి, పైకి ఎత్తకుండా జరుపుతూనే. తెలుగులోనే చెప్పాను. చిన్న పళ్లేలు టకటకా చేసేసింది. పెద్ద పళ్లెంలో తప్పుదారి పట్టింది. సగంలో చెయ్యి ఆపింది. ముక్కలన్నీ వెనక్కి జరిపి మొదటి చోటుకి తెచ్చుకుని, చూపుడువేలితో గాల్లో దారి గీసుకుని, మళ్లీ మొదలెట్టింది. చివరికి టైము మించిపోయింది, మార్కు రాలేదు. కానీ తప్పు తనే పట్టుకుని వెనక్కొచ్చి పథకం మార్చుకున్న పిల్లని స్లో లెర్నర్ అని ఎలా అంటాను? స్క్రీనుకి ఆ పిల్ల టైము దాటడం ఒక్కటే తెలుస్తుంది.

రవి: ఇప్పుడు మేం ప్రతి మౌస్ కదలికా రికార్డు చేస్తాం వదినా. వేలు ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎన్నిసార్లు వెనక్కి వెళ్లింది, అన్నీ. మీరు కంటితో చూసింది మేం లాగ్‌లో చూస్తాం. ఇవాళ కాకపోతే రేపు ఆన్‌లైన్ పరీక్షే మీకంటే బాగా చెప్తుంది.

సుజాత: చెప్పొచ్చు. ఆ లాగ్ ఎవరి దగ్గర ఉంటుంది? ఫేస్‌బుక్ క్విజ్ మీదుగా జనం వివరాలు అందుకున్న కేంబ్రిడ్జ్ అనలిటికా గుర్తుందా? అది ఐక్యూ కాదు, వ్యక్తిత్వ పరీక్ష. మన దేశంలో ఆ క్విజ్ యాప్ పెట్టుకున్నది 335 మంది. వాళ్లతో, యాప్ పెట్టుకున్నవాళ్ల స్నేహితులతో కలిపి వివరాలు పోయి ఉండొచ్చన్న భారతీయులు 5,62,455 మంది. ఫేస్‌బుక్ తనే ఇచ్చిన లెక్క. పదకొండేళ్ల పిల్లాడి ఆలోచన ఎక్కడ తడబడుతుందో ఊరూపేరూ లేని సైటుకి ఇచ్చి, పైగా మనమే 149 కట్టడం ఏమిటి?

(ఈ విషయంలో రవి దగ్గర జవాబు లేదు. ఆ మెయిల్ ఐడీ పిల్లాడి బడిది అని తర్వాత నాతో మెల్లగా చెప్పాడు.)

రవి: సరే. ఇంతకీ ఐక్యూ కొలవడమే దండగంటారా?

సుజాత: అనను. టెట్‌కి చదివేవాళ్లని అడుగు, మానసిక వయసుని అసలు వయసుతో భాగించి వందతో హెచ్చించడం నిద్రలో లేపినా చెప్తారు. ఆ భాగహారం జర్మనీలో స్టెర్న్ 1912లో ఇచ్చింది, వంద తగిలించింది స్టాన్‌ఫర్డ్‌లో టెర్మన్, 1916లో. దానికి ముందు, 1905లో, పారిస్‌లో బినే, సిమోన్ ఇద్దరూ మొదటి పరీక్ష చేసినప్పుడు ఏ అంకే లేదు. ఫ్రాన్సు విద్యాశాఖ కమిటీ ఒక ప్రశ్న అడిగింది: మామూలు తరగతిలో చదువు అందుకోలేక ప్రత్యేకంగా చెప్పించుకోవాల్సిన పిల్లలెవరు? దానికి 30 ప్రశ్నలు చేశారు. ఎవరో ఏదో తెలుసుకోవాలనుకున్నారు, దానికి పరీక్ష పుట్టింది. నా దగ్గరకి వచ్చే ప్రతి కాగితం మీదా అలాంటి ప్రశ్న ఒకటి రాసి ఉంటుంది. మాటలు ఆలస్యమయ్యాయి ఎందుకు, ఫిట్స్ తర్వాత జ్ఞాపకశక్తి తగ్గిందా, ఇలా. నీ ప్రశ్న ఏమిటి?

రవి: వాడు తెలివైనవాడా కాదా అని.

సుజాత: అది తెలిస్తే ఏం చేస్తావు?

రవి: ఒలింపియాడ్ బ్యాచ్‌లో... నిజం చెప్పమంటారా? వాడికి లెక్కల్లో ఈ టర్మ్ 61 వచ్చాయి. నోటితో అడిగితే టకటకా చెప్తాడు, పేపర్లో పోతాయి. తెలివి తక్కువో, శ్రద్ధ తక్కువో తేల్చుకుందామని.

సుజాత: ఇదన్నమాట ప్రశ్న. దీనికి ఐక్యూ ఎందుకు? ఆ 61 వచ్చిన పేపరు తీసుకురా. పోయిన 39 మార్కులు ఎక్కడ పోయాయో చూద్దాం. కూడికలోనా, చదివి అర్థం చేసుకోవాల్సిన లెక్కల్లోనా, చివరి పేజీ ఖాళీగా వదిలేశాడా, కళ్లద్దాలు కావాలా. వాడు పక్కన కూర్చుని అదే పేపరు టైము లేకుండా మళ్లీ చేస్తే ఎన్ని వస్తాయి?

రవి: మరి బ్యాచ్? వచ్చే ఆదివారం ఆ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు సెలక్షన్ టెస్టు పెడుతున్నారు. అదీ ఆన్‌లైనే.

సుజాత: రాయించు. వాళ్ల లెక్కలు వీడు చేయగలడా అన్నదొక్కటే అది అడుగుతుంది.

రవి: అన్నయ్యా, రాసుకో. ఆన్‌లైన్ పరీక్ష రాయించమని వదినే చెప్పింది!

సుజాత: రాసుకోండి. వయసు పదకొండు నొక్కమని కూడా చెప్పానని రాయండి.